ఆస్తమా మందుల ఖర్చు తగ్గించుకోవడం ఎలా? పఫ్ మానకుండా బిల్లు తగ్గించే దారి

"ఇన్‌హేలర్ ఖరీదు భరించలేకపోతున్నాం. రోజుకు రెండుసార్లు పీల్చమన్నారు, ఒక్కసారి పీలిస్తే సరిపోదా?" ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని నెల లేదు. ఆటో నడిపే ఆయన అడిగారు, ఇద్దరు పిల్లలకూ ఆయాసం ఉన్న ఒక తల్లి అడిగింది, పింఛను మీద బతికే మాస్టారు అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నాకు తెలిసిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను డాక్టర్‌ని కాను. మా నాన్నగారికి పాతికేళ్లుగా ఉబ్బసం. ఆయన మందుల సంచి, చీటీలు, బిల్లులు చూసుకునేది నేనే. ఒక చలికాలంలో ఆయన ఖర్చు కలిసొస్తుందని మాకెవరికీ చెప్పకుండా రోజూ పీల్చే మందు మానేశారు. ఆయాసం వచ్చినప్పుడల్లా రిలీవర్, అంటే అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్, ఒక్కటే కొట్టుకుంటూ నెలన్నర నెట్టుకొచ్చారు. చివరికి ఒక తెల్లవారుజామున నోట మాట రాని స్థితిలో ఆసుపత్రికి మోసుకెళ్లాం. నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఆ బిల్లు పెట్టి కొంటే రెండేళ్ల ఇన్‌హేలర్లు వచ్చేవి. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: పఫ్‌లు (ఇన్‌హేలర్‌ని ఒక్కోసారి నొక్కితే వచ్చే మందు) తగ్గించం, ఒక్కో పఫ్‌కి పడే ధర తగ్గిస్తాం. కింద చెప్పేదంతా దాని గురించే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత మూడు నెలల మందుల చీటీలు, బిల్లులు. బిల్లులు లేకపోతే మీరు కొనే మెడికల్ షాపులో అడగండి, కంప్యూటర్‌లో ఉంటాయి.
- ఇంట్లో ఉన్న ఇన్‌హేలర్లు, క్యాప్సూల్ డబ్బాలు, మాత్రల స్ట్రిప్పులు. ఖాళీ అట్టపెట్టెలు ఉంటే అవీ.
- ఒక నోటుబుక్కు, చెరగని మార్కర్ పెన్ను.
- స్మార్ట్‌ఫోన్. మీకు అలవాటు లేకపోతే ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.
- వీలుంటే పీక్ ఫ్లో మీటర్. గట్టిగా ఊదితే ఎంత గాలి వస్తుందో చూపించే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇది. కరెంటు, బ్యాటరీ అక్కర్లేదు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

1. మందుల్ని మూడు కుప్పలుగా వేరు చేయండి

చీటీలో ఉన్నవన్నీ ఒక్క స్థాయివి కావు. ఏది ఎందుకు వాడుతున్నారో తెలియకపోతే ఖర్చు తగ్గించబోయి అసలు మందునే తీసేస్తారు.

మొదటి కుప్ప ప్రివెంటర్లు, అంటే ఆయాసం రాకుండా కాపాడేవి. ఇన్‌హేలర్ మీద బ్యుడెసొనైడ్, బెక్లోమెథాసోన్, ఫ్లూటికాసోన్ అన్న పేర్లలో ఏదో ఒకటి ఉంటే అది ఇందులోకి వస్తుంది. ఫొరాకోర్ట్, సెరోఫ్లో లాంటి జంట మందులూ ఇందులోవే. ఇవి శ్వాసనాళాల లోపలి వాపును తగ్గిస్తాయి. పీల్చగానే తేడా తెలియదు కాబట్టి "ఇది పని చేయట్లేదు" అని మనవాళ్లు ముందు మానేసేది దీన్నే.

రెండో కుప్ప రిలీవర్లు. సాల్‌బ్యుటమాల్, లెవోసాల్‌బ్యుటమాల్, అంటే ఆస్తాలిన్, లెవోలిన్ లాంటివి. బిగుసుకున్న గొట్టాల్ని నిమిషాల్లో వదులు చేస్తాయి, వాపు జోలికి మాత్రం పోవు.

మూడో కుప్పలో మిగతావన్నీ వేయండి. మాంటెలుకాస్ట్ మాత్రలు, దగ్గు సిరప్, యాంటీబయాటిక్, గ్యాస్ మాత్ర, విటమిన్లు, ప్రోటీన్ పొడి అన్నీ. నేను చూసిన చాలా చీటీల్లో బిల్లులో పెద్ద భాగం ఈ కుప్పదే.

జాగ్రత్త: రంగు చూసి వేరు చేయకండి. కంపెనీని బట్టి రంగులు మారతాయి. డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఉండే మందు పేరే చదవండి.

2. ఒక్కో పఫ్ ధర లెక్క కట్టండి

షాపులో డబ్బా ధర చూసి ఇది చౌక, అది ఖరీదు అనుకుంటాం. అక్కడే మోసపోతాం. లెక్క ఇలా వేయాలి: డబ్బా ధరను అందులో ఉన్న పఫ్‌ల సంఖ్యతో భాగించండి. వచ్చినదాన్ని రోజుకు వాడే పఫ్‌లతో, తర్వాత 30తో హెచ్చించండి. అది నెల ఖర్చు.

ఒక ఉదాహరణ చెప్తాను. అంకెలు అర్థం కావడానికి వేసినవే, మీరు మీ డబ్బా మీది ఎమ్మార్పీ వేసుకోండి. 120 పఫ్‌ల ఇన్‌హేలర్ 420 రూపాయలు అనుకుందాం. పఫ్ మూడున్నర రూపాయలు. పొద్దున రెండు, రాత్రి రెండు అంటే రోజుకు 14, నెలకు 420. అదే మందు పరికరంలో పెట్టి పీల్చే పొడి రూపంలో 30 క్యాప్సూళ్ల డబ్బా 240 రూపాయలు అనుకుందాం. డబ్బా చూస్తే ఇదే చౌక. కానీ క్యాప్సూల్ 8 రూపాయలు, రోజుకు రెండు, నెలకు 480 అవుతుంది. 30 క్యాప్సూళ్లు 15 రోజులకే అయిపోతాయి కదా.

పోల్చేటప్పుడు రోజు మొత్తానికి ఒంట్లోకి వెళ్లే మోతాదు సమానంగా ఉండేట్టు చూడండి. 200 మైక్రోగ్రాముల పఫ్‌లు నాలుగు, 400 మైక్రోగ్రాముల క్యాప్సూళ్లు రెండు సమానం. 200వి రెండు, 400వి రెండు పోల్చితే లెక్క తప్పుతుంది.

ప్రతి మందుకూ ఇలా నెల ఖర్చు రాసి, పెద్దది పైన వచ్చేలా వరుసలో పెట్టండి. ఎక్కడ కోత పెట్టాలో ఆ కాగితమే చూపిస్తుంది.

3. ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి వెళ్లండి

ఇది మొహమాటపడే చోటు కాదు. "ఖర్చు ఎక్కువవుతోంది" అని చెప్తే డాక్టర్ ఏమనుకుంటారో అని చాలామంది నోరు విప్పరు. చెప్పకుండా ఇంటికి వచ్చి సగం మందులు కొంటారు. డాక్టరేమో మందు పని చేయట్లేదు అనుకుని ఇంకా ఖరీదైనది రాస్తారు. చెప్పకపోతే జరిగేది ఇదే.

అడగాల్సినవి రాసుకుని వెళ్లండి:

- "డాక్టర్ గారూ, నెలకు మందులకి నేను ఇంతవరకే పెట్టగలను. ఈ చీటీలో తప్పనిసరిగా వాడాల్సినవి ఏవి? ఏవి ఆపొచ్చు?"
- "మందు అసలు పేరు పెద్ద అక్షరాల్లో రాసిస్తారా? ప్రభుత్వ జనౌషధి దుకాణంలో తీసుకోవచ్చా?"
- "నాకు ఒకటే ఇన్‌హేలర్‌తో సరిపెట్టే పద్ధతి కుదురుతుందా?"
- "మాంటెలుకాస్ట్ ఇంకా అవసరమా? ఎన్నాళ్లు వాడాలి?"
- "మూడు నెలలు బాగుంటే మోతాదు తగ్గించొచ్చా?"

మూడో ప్రశ్నను కాస్త వివరించాలి. బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌లో ఫార్మోటెరాల్ త్వరగా పనిచేస్తుంది. అందుకని దాన్నే రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు రిలీవర్‌గానూ వాడే పద్ధతి ఉంది. తేలికపాటి ఆస్తమా ఉన్న పెద్దవాళ్లకైతే రోజూ కాకుండా అవసరమైనప్పుడు మాత్రమే దాన్ని వాడమని కూడా డాక్టర్లు చెప్తారు. ప్రపంచవ్యాప్తంగా ఆస్తమా చికిత్సకు మార్గదర్శకాలు ఇచ్చే జినా సంస్థ 2019 నుంచి రిలీవర్ ఒక్కటే వాడొద్దని చెప్తోంది, దాని బదులు సూచించేది ఈ జంట మందునే. రెండు డబ్బాలకు బదులు ఒకటి సరిపోతే ఖర్చు దిగుతుంది. అయితే ఇది ఫార్మోటెరాల్ ఉన్నవాటికే వర్తిస్తుంది. సాల్మెటెరాల్ ఉన్న ఇన్‌హేలర్‌ని ఇలా అవసరానికి కొట్టుకోకూడదు. ఏది ఎవరికి కుదురుతుందో, రోజుకు గరిష్ఠంగా ఎన్ని పఫ్‌లో డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

మాంటెలుకాస్ట్ గురించి ఒక మాట. కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, పీడకలలు, చిరాకు, దిగులు లాంటి మార్పులు రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక పెట్టించింది. ఎప్పుడో జలుబుకి రాసిన మాత్రను ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఉన్నారు. అడిగి తేల్చుకోండి.

4. అదే మందును తక్కువ ధరకు వెతకండి

ఇక్కడ తొందర పడకండి. ఎక్కువ డబ్బు మిగిలేదీ ఇక్కడే, తప్పులు జరిగేదీ ఇక్కడే.

మొదట ఫోన్‌లో "జన్ ఔషధి సుగమ్" యాప్ వేసుకోండి. ప్రధానమంత్రి భారతీయ జనౌషధి పరియోజన వాళ్లది. మీ మందు పేరు కొడితే ధర, దగ్గర్లోని కేంద్రం చూపిస్తుంది. బ్రాండ్ పేరు కాదు, మందు అసలు పేరు కొట్టాలి. టోల్‌ఫ్రీ నంబరు 1800 180 8080. ఇన్‌హేలర్లు, మాంటెలుకాస్ట్ మాత్రలు రెండూ వాళ్ల జాబితాలో ఉన్నాయి. కానీ జాబితాలో ఉన్నవన్నీ ప్రతి కేంద్రంలో నిల్వ ఉండవు. ముందు ఫోన్ చేసి వెళ్లండి. లేకపోతే "తెప్పిస్తారా, ఎప్పుడొస్తుంది" అని అడిగి, పాతది అయిపోవడానికి పది రోజుల ముందే చెప్పి పెట్టండి.

రెండో యాప్ "ఫార్మా సహీ దామ్". మందుల ధరల్ని నియంత్రించే జాతీయ సంస్థ ఎన్‌పీపీఏది ఇది. మీ బ్రాండ్ పేరు కొడితే అదే మందు వేరే కంపెనీల ధరలు వరుసగా వస్తాయి. సాల్‌బ్యుటమాల్, బ్యుడెసొనైడ్, బ్యుడెసొనైడ్ ఫార్మోటెరాల్ జంట, మాంటెలుకాస్ట్ ఇవన్నీ 2022 అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలోని మోతాదులకు ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది. జాబితాలో లేని మందుల ధరను కంపెనీలు ఏటా 10 శాతం వరకు పెంచుకోవచ్చు. మీది అలాంటి మందైతే జాబితాలో ఉన్న దానికి మార్చొచ్చా అని డాక్టర్‌ని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎక్కువ మందుల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో అదీ ఓసారి చూసుకోండి.

వేరే కంపెనీది తీసుకునేటప్పుడు నాలుగు సరిపోవాలి: మందు పేరు, మోతాదు, పరికరం, డబ్బాలో పఫ్‌ల సంఖ్య. 200 రాసిస్తే 400 తెచ్చుకోవద్దు. స్ప్రే ఇన్‌హేలర్ వాడేవాళ్లు పొడి క్యాప్సూళ్లు తెచ్చుకుంటే పీల్చే పద్ధతే మారిపోతుంది. ఒక కంపెనీ క్యాప్సూల్‌ని ఇంకో కంపెనీ పరికరంలో పెడితే సరిగ్గా పగలకపోవచ్చు, మందు సగం లోపలే ఉండిపోవచ్చు. క్యాప్సూల్‌తో పాటు దాని పరికరం కూడా అడిగి తీసుకోండి.

ఇంకొకటి. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సినవి. చీటీలో ఒక బ్రాండ్ రాస్తే షాపతను తన ఇష్టానికి ఇంకోటి ఇవ్వకూడదు. "ఇది లేదు, ఇది తీసుకోండి, రెండూ ఒకటే" అంటే తీసుకునే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. అందుకే చీటీలో అసలు పేరు రాయించుకోమని చెప్పాను.

5. ఉచితంగా దొరికే చోట్లు వదులుకోకండి

ప్రభుత్వ ఆసుపత్రుల ఛాతీ విభాగానికి వెళ్తే ఓపీలో చూసి, నిల్వ ఉన్న మందులు ఉచితంగా ఇస్తారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఈ జబ్బులకే ఉన్నవి. మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రుల్లోనూ ఛాతీ విభాగం ఉంటుంది. పొద్దున్నే వెళ్లాలి, క్యూ ఉంటుంది, అది నిజమే. కానీ ఊపిరి పరీక్ష, ఇన్‌హేలర్ పీల్చే పద్ధతి నేర్పించడం కూడా అక్కడ దొరుకుతాయి కాబట్టి ఆ పూట వృథా కాదు.

జీతం నెలకు 21,000 లోపు ఉండి కంపెనీ ఈఎస్‌ఐ కడుతుంటే మీకూ మీ కుటుంబానికీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో మందులు ఉచితం. జీతం నుంచి 0.75 శాతం పోతూనే ఉంటుంది, కార్డు మాత్రం వాడరు. చాలా ఇళ్లలో ఇదే చూస్తున్నాను. సింగరేణి, రైల్వే, ఆర్టీసీ ఉద్యోగుల తల్లిదండ్రులు కూడా తమ ఆసుపత్రిలో ఏమొస్తుందో కనుక్కోండి.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స కోసం ఉన్నవి. నెలనెలా కొనే ఇన్‌హేలర్ ఖర్చు వాటి మీద పెట్టుకోకండి. కానీ కార్డు మాత్రం ఇంట్లో సిద్ధంగా ఉండాలి.

అరవై దాటి, ఆరోగ్య బీమా లేని తల్లిదండ్రుల మందుల ఖర్చు మీరు పెడుతుంటే, పాత పన్ను విధానంలో 80డీ కింద ఏడాదికి 50,000 దాకా మినహాయింపు అడగొచ్చు. నగదు ఇస్తే లెక్కకు రాదు. యూపీఐలో కట్టి బిల్లులు దాచండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి అక్కడి సంగతి ఒక్కటి: ఆస్ట్రాజెనెకా, బోరింగర్ ఇంగెల్‌హైమ్ 2024 జూన్ నుంచి, జీఎస్‌కే 2025 జనవరి నుంచి తమ ఇన్‌హేలర్లకు అర్హులైనవాళ్లు చేతి నుంచి కట్టేది నెలకు 35 డాలర్లకు మించకుండా పెట్టాయి. ఇన్సూరెన్స్ లేనివాళ్లకూ ఉంది. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమాలు ఉన్నవాళ్లకు ఈ పరిమితి వర్తించదు.

6. పీల్చే పద్ధతి సరిచూసుకోండి

మందు నోట్లోనే ఉండిపోతే మీరు కొన్న మందులో చాలా భాగం ఊపిరితిత్తుల దాకా పోదు. నాన్నగారు ఇరవై ఏళ్లు తప్పుగా పీల్చారు. సరిగ్గా నేర్పాక అదే మోతాదు రెట్టింపు పనిచేసినట్టు అనిపించింది మాకు.

స్ప్రే ఇన్‌హేలర్ అయితే: మూత తీసి బాగా కుదపండి. కొత్తదైనా, కొన్ని రోజులుగా వాడకపోయినా ముందు రెండు పఫ్‌లు గాల్లోకి వదలండి. ఊపిరి మెల్లగా మొత్తం బయటికి వదలండి. ఇన్‌హేలర్ మూతిని నోట్లో పెట్టుకుని పెదాలతో గట్టిగా మూసి, లోపలికి పీల్చడం మొదలుపెట్టగానే నొక్కండి. నిదానంగా, లోతుగా పీల్చండి. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగపట్టండి. రెండో పఫ్‌కి అర నిమిషం నుంచి నిమిషం ఆగండి. ప్రివెంటర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. లేదంటే నోట్లో తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

పొడి క్యాప్సూల్ అయితే దీనికి పూర్తిగా తిరగేసి: గట్టిగా, వేగంగా పీల్చాలి. పరికరంలోకి ఊదకూడదు, పొడి తడిసిపోతుంది. పీల్చాక తెరిచి చూడండి. క్యాప్సూల్‌లో పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చండి. ఇంకోటి, క్యాప్సూల్‌ని మాత్రలా నీళ్లతో మింగేవాళ్లు నిజంగా ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు కొత్తగా రాస్తే మొదటి వారం పక్కనుండి చూడండి.

7. స్పేసర్ వాడండి, కొనలేకపోతే ఇంట్లో చేసుకోండి

స్ప్రే ఇన్‌హేలర్‌కి, నోటికి మధ్య పెట్టే బోలు డబ్బానే స్పేసర్. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లకు, పిల్లలకు, ముసలివాళ్లకు ఇది ఉంటే మందు ఎక్కువగా లోపలికి వెళ్తుంది. స్పేసర్‌తో తీసుకున్న రిలీవర్ చాలామందికి నెబ్యులైజర్ (ద్రవ మందును ఆవిరిలా చేసి పీల్పించే మిషన్) అంత బాగా పనిచేస్తుంది. కాబట్టి నెబ్యులైజర్ మిషన్ కొనే ముందు "స్పేసర్ సరిపోదా?" అని అడగండి. మిషన్ ధర ఒక్కటే కాదు, ప్రతిసారీ వాడే ద్రవం ఖర్చు కూడా ఉంటుంది.

స్పేసర్ కొనే వీలు లేకపోతే అరలీటరు నీళ్ల సీసా చాలు. ఇది నా సొంత తెలివి కాదు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి, అరలీటరు సీసాతో చేసిన స్పేసర్ షాపులో కొన్నదాని అంత బాగా పనిచేసిందని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. థర్మోకోల్ కప్పు మాత్రం అంత బాగా పనిచేయలేదు.

చేసే పద్ధతి: సీసాని గిన్నెలు కడిగే సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్ రాపిడికి మందు గోడలకు అతుక్కుంటుంది. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పెట్టి పెన్నుతో గీత గీయండి. గీతకు కొంచెం లోపలగా, వేడి చేసిన ఇనుప తీగతో రంధ్రం చేయండి. మూతి బిగుతుగా పట్టాలి. ప్లాస్టిక్ ముక్కలు లోపల లేకుండా దులిపి, సందుల్ని టేపుతో మూయండి. ఇన్‌హేలర్ కుదిపి అమర్చి, పిల్లవాడు సీసా మూతికి పెదాలు మూసి పెట్టాక ఒక్క పఫ్ నొక్కండి. ఐదారుసార్లు మెల్లగా పీల్చి వదలమనండి. రెండో పఫ్ మళ్లీ విడిగా కొట్టాలి, రెండూ ఒకేసారి కాదు.

మూతికి నోరు పెట్టడం రాని పసిపిల్లలకు ఇది కుదరదు. వాళ్లకు మాస్కు ఉన్న స్పేసరే కొనాలి. ఈ కొనుగోలులో వెనకాడొద్దు.

8. మందు అవసరాన్ని పెంచేవి ఇంట్లోంచి తీసేయండి

మస్కిటో కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి పొగ, బీడీ, కట్టెల పొయ్యి, కారం దంచడం, బూజు దులపడం. ఏది తగిలితే మీకు పిల్లికూతలు మొదలవుతాయో నోటుబుక్కులో రాయండి. దోమల కాయిల్ ఆపి దోమతెర కట్టండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. దేవుడి గదిలో దీపం చాలు, పొగ వద్దు. మా అమ్మను ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఎక్కువగా జరిగే తప్పులు

రిలీవర్ చౌక కదా అని అది ఒక్కటే కొనడం. అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. 200 పఫ్‌ల రిలీవర్లు ఏడాదికి మూడు లేదా అంతకంటే ఎక్కువ అవుతుంటే గట్టి ఆయాసం వచ్చే ముప్పు పెరిగినట్టు. పన్నెండు దాటితే ప్రాణానికే ముప్పు. మీ పాత బిల్లులు తీసి లెక్కపెట్టండి, ఏ పరీక్షా అక్కర్లేదు.

స్టెరాయిడ్ అన్న పేరు విని ఇన్‌హేలర్ మానేసి, రూపాయి మాత్రలకు మారడం. సాల్‌బ్యుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, పఫ్ 100 మైక్రోగ్రాములు. ఒక మాత్ర నలభై పఫ్‌ల మందన్నమాట, అదీ ఒళ్లంతా తిరిగి రావాలి. చేతులు వణకడం, గుండె దడ అందుకే. ఊళ్లో ఇచ్చే "ఆయాసం మాత్ర, ఇంజక్షన్" చాలాసార్లు స్టెరాయిడే. అది నెలల తరబడి వాడితే షుగరు, ఎముకల బలహీనత, కంటి శుక్లం వస్తాయి. ఇప్పటికే చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, అదీ ప్రమాదమే. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

డబ్బాని నీళ్లలో వేసి తేలుతోందా మునుగుతోందా చూడటం. దాంతో ఏమీ తెలియదు. మందు అయిపోయాక కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది. కొత్త డబ్బా తీసిన రోజే మార్కర్‌తో మొదలుపెట్టిన తేదీ, అయిపోవాల్సిన తేదీ దాని మీద రాయండి. 120 పఫ్‌లు, రోజుకు 4 అంటే 30 రోజులు.

గర్భం వచ్చిందని మందు మానేయడం. తల్లికి ఊపిరి అందకపోతే బిడ్డకూ అందదు. వెంటనే డాక్టర్‌ని కలిసి ఏది కొనసాగించాలో తెలుసుకోండి.

మృగశిర కార్తెకు నాంపల్లి వెళ్లి చేప ప్రసాదం తీసుకుని, ఇక ఇన్‌హేలర్ అక్కర్లేదనుకోవడం. నమ్మకం మీది, నేను కాదనను. ఇన్‌హేలర్ మాత్రం జేబులో పెట్టుకుని వెళ్లండి, వచ్చాక కూడా ఆపకండి. ఆ జనంలో, ఆ క్యూలో ఆయాసం వస్తే ఆదుకునేది అదే.

ఎండాకాలం కారులో, బండి డిక్కీలో ఇన్‌హేలర్ వదిలేయడం కూడా డబ్బు పారేయడమే.

మార్పు పనిచేస్తోందో లేదో చూసుకోవడం

కొత్త కంపెనీ మందుకు మారిన మొదటి నెల వారం వారం ఈ నాలుగూ రాయండి: పగటిపూట ఆయాసం వారానికి రెండుసార్లు మించి వచ్చిందా? రాత్రి ఒక్కసారైనా ఆయాసంతో లేచారా? రిలీవర్ వారానికి రెండుసార్లు మించి వాడారా? మెట్లెక్కడం, పని చేయడం తగ్గించుకున్నారా? నాలుగింటికీ "లేదు" అయితే బాగున్నట్టు. ఒకటి రెండు "అవును" అయితే డాక్టర్‌ని కలవండి. మూడు, నాలుగు "అవును" అయితే ఆ వారంలోనే వెళ్లండి. ఖర్చు తగ్గింది కదా అని సర్దుకోవద్దు.

పీక్ ఫ్లో మీటర్ ఉంటే నిలబడి మూడుసార్లు ఊది పెద్ద అంకె రాయండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయాసం లేని రోజుల్లో వచ్చిన అత్యధిక అంకె మీ కొలబద్ద. అది 400 అనుకుంటే, 320 పైన ఉంటే సరే. 200 నుంచి 320 మధ్య పడితే జాగ్రత్త పడాలి. 200 కంటే తగ్గితే రిలీవర్ తీసుకుని ఆసుపత్రికి బయల్దేరండి.

ఒక్కో ముక్క ఆగి ఆగి మాట్లాడుతున్నా, పెదాలు నీలంగా మారినా, మెడ దగ్గర కండరాలు లోపలికి లాగుతున్నా, రిలీవర్ తీసుకున్న ఇరవై నిమిషాలకూ తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కో పఫ్ చొప్పున నాలుగు పఫ్‌లు ఇవ్వండి. ఆ సమయంలో పఫ్ ధర లెక్క వేయకండి.

అన్నీ సవ్యంగా ఉండి మూడు నెలలు గడిస్తే ఆ నోటుబుక్కు పట్టుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆస్తమా అదుపులో ఉందని కాగితం మీద కనిపిస్తే ప్రివెంటర్ మోతాదును మెల్లగా తగ్గించే వీలుంటుంది. పూర్తిగా ఆపడం కాదు, తగ్గించడం. నాన్నగారికి అలాగే 400 నుంచి 200కి దించారు, నెల ఖర్చు ఇంకా దిగింది. ఈ రోజు కొత్త డబ్బా తెరిస్తే మూడు నెలల తర్వాతి తేదీని క్యాలెండర్‌లో ఇప్పుడే రాసి పెట్టుకోండి.